కళ్యాణి గడప దాటుటకు అనుమతి

కథలో ఒక ఆడమనిషి తన ఇంటి గడప దాటి బయటికి పోవాలంటే కనీసం అరవై శాతం పాఠకుల ముందస్తు సమ్మతి ఉండాలన్న నియమం, నిప్పు, చక్రం, ఇడ్లీ కుక్కరు తర్వాత మానవజాతి సాధించిన విజయాల్లో నాలుగోదిగా నమోదు కావలసి ఉంది. పూర్వపు రచయితలకు ఇంత క్రమశిక్షణ లేదు. తోచినప్పుడు పాత్రల్ని చంపేవారు, తోచినవాళ్ళకిచ్చి పెళ్ళి చేసేవారు. పాఠకులు పుస్తకం మూసి, కాసేపు కిటికీలోంచి బయటికి చూసి, మళ్ళీ పోపు పెట్టుకునేవారు. ఫిర్యాదు చెయ్యడానికి బటను ఉండేది కాదు. అదొక చీకటి యుగం.

ఆ చీకటిని పారదోలినది ‘తరువాయి’ అనే యాప్. దాని కార్యాలయం బెంగళూరులో ఒక అద్దాల భవనం ఆరో అంతస్తులో ఉంది. అక్కడ తెలుగు, కన్నడ, తమిళ ధారావాహికలు రోజుకు రెండు వందల ఎపిసోడ్ల చొప్పున తయారై, ఉదయం ఆరు గంటలకు పాల ప్యాకెట్లతో పాటు జనం ఇళ్ళకు చేరుతాయి. (పాలు విరిగితే మార్చి ఇవ్వరు. కథ విరిగితే మార్చి ఇస్తారు. ‘తరువాయి’ గొప్పదనం అక్కడే ఉంది.)

ఈ యాప్‌లో ఛాయాదేవి ఆరేళ్ళుగా వారానికి రెండు ఎపిసోడ్లు రాస్తోంది. ఆమెకు యాభై మూడేళ్ళు. ఇరవై రెండేళ్ళ కిందట భర్త ఉద్యోగం వెంట బెంగళూరు వచ్చి, ఏడు అద్దె ఇళ్ళు మారి, చివరికి కాడుగోడిలో ఒక ఫ్లాటు కొనుక్కుని కుదుటపడ్డది. ఆమె ధారావాహిక పేరు ‘నాలుగో బర్నర్’. అందులో కళ్యాణి అనే ఇల్లాలికి నాలుగు బర్నర్ల గ్యాస్ పొయ్యి ఉంటుంది. మొదటి దాని మీద భర్త సుధీర్‌కు కాఫీ, రెండో దాని మీద అత్తగారు కదిరమ్మకు రాగిజావ, మూడో దాని మీద వచ్చేపోయేవాళ్ళకు ఉప్మా. నాలుగో దాని మీద తనకు ఇష్టమైనదేదో వండుకోవాలని కళ్యాణి మొదటి ఎపిసోడ్ నుంచీ అనుకుంటూనే ఉంది. తనకేది ఇష్టమో గుర్తు తెచ్చుకోవడానికే ఆమెకు మూడు వందల ఎపిసోడ్లు పట్టింది.

కిందటి జూన్‌లో, ఆరు వందల పన్నెండో ఎపిసోడ్లో, కళ్యాణి నాలుగు చీరలు, డిగ్రీ సర్టిఫికెట్లు, ఒక చిన్న కాఫీ ఫిల్టరు సంచిలో పెట్టుకుని గడప దాటింది.

ఎపిసోడ్ ఆరు గంటలకు వచ్చింది. పది గంటలకు పదకొండు వేల ఫిర్యాదులు వచ్చాయి. పదింబావుకు ‘తరువాయి’ వారు ఆ ఎపిసోడ్‌ను వెనక్కి తీసుకుని, దాని స్థానంలో కళ్యాణి గడప దగ్గరకు వచ్చి ఆగినట్టుగా సవరించిన ప్రతిని విడుదల చేశారు. కింద ఒక ప్రకటన కూడా పెట్టారు: ‘పాత ప్రతిని ఇదివరకే చదివిన పాఠకులు దానిని చదవనట్టుగా పరిగణింపబడుదురు.’

ఛాయాదేవి ఆరో అంతస్తుకు వెళ్ళింది. అక్కడ పాఠకాభీష్ట పాలన విభాగానికి అచ్యుత్ అనే ఇరవై ఎనిమిదేళ్ళ మేనేజర్ ఉన్నాడు. మంచి కుర్రవాడు. ఎదుటివాళ్ళ మాట ఆసాంతం వింటాడు. విన్నది కంప్యూటర్లో ఎక్కించడానికి చోటు లేకపోతే నిజంగా బాధపడతాడు. ఆమెకు మంచినీళ్ళిచ్చి, పాత్రల కదలికల నియమావళి నాలుగో సెక్షన్ తెరిచి చూపించాడు. మరణం, వివాహం, విడాకులు, గడప దాటుట, భుజాల పైకి జుట్టు కత్తిరించుకొనుట అనే ఐదు పనులకూ అరవై శాతం ఓట్లు కావాలి. (భుజాల కింద ఎంతవరకైనా కత్తిరించుకోవచ్చు. రచయిత స్వేచ్ఛను ‘తరువాయి’ ఎంతో గౌరవిస్తుంది.)

గడప దాటుటకు ప్రత్యేకంగా ఏడో నంబరు ఫారం ఉంది. దానికి కారణాల పట్టిక జతచెయ్యాలి, అత్తగారి నిరభ్యంతర పత్రం జతచెయ్యాలి. కదిరమ్మ తను రాసిన పాత్రే కాబట్టి ఆ పత్రం తనే రాసిస్తానంది ఛాయాదేవి. కుదరదన్నాడు అచ్యుత్. కదిరమ్మ ఏ విషయంలోనూ ఒప్పుకునే మనిషి కాదు గనక, ఆమె ఒప్పుకుంటే స్వభావం మారినట్టు. స్వభావ మార్పుకు తొమ్మిదో నంబరు ఫారం. దానికి మళ్ళీ అరవై శాతం.

“మీ బాధ నాకు అర్థమవుతోంది మేడమ్. నాకూ పర్సనల్‌గా కళ్యాణి వెళ్ళిపోవాలనే ఉంది,” అన్నాడు. “కానీ పర్సనల్ ఒపీనియన్‌కి మా సిస్టమ్‌లో కాలమ్ లేదు.”

“అయితే నా కథ ఎవరిది బాబూ?”

అచ్యుత్ ఈ ప్రశ్నను కూడా కంప్యూటర్లో వెతికాడు. అది ‘తరచుగా అడిగే ప్రశ్నలు’లో లేదు.

వెంటనే పాఠకుల మధ్య ఓటింగ్ మొదలైంది. కళ్యాణి వెళ్ళాలని ముప్పై ఒక్క శాతం, ఉండాలని నలభై ఏడు శాతం, ‘ముందు కాఫీ తాగి ఆలోచించుకోవాలి’ అని ఇరవై రెండు శాతం. ఈ మూడో వర్గం వారు ప్రతి ఎపిసోడ్ కింద అదే మాట రాసేవారు. వాళ్ళ చిత్తశుద్ధిని శంకించడానికి ఏమీ లేదు. కాఫీ ఎవరు కలపాలన్నది మాత్రం వాళ్ళు ఎప్పుడూ చెప్పలేదు.

ఆ విధంగా కళ్యాణి సంచితో వాకిట్లో నిలబడింది. వారానికి రెండు ఎపిసోడ్లు మాత్రం తప్పవు, ఒప్పందం అది. ఆరు వందల పదమూడులో ఆమె సంచిని కుడిచేతిలో పట్టుకుంది. పద్నాలుగులో ఎడమచేతికి మార్చుకుంది. పదిహేను నుంచి పంతొమ్మిది దాకా ఆ సంచిని ఎప్పుడు, ఏ ఎగ్జిబిషన్‌లో కొన్నదో గుర్తు తెచ్చుకుంది. గ్యాస్ సిలిండర్ వస్తే, ఎలాగూ వాకిట్లోనే ఉంది కాబట్టి తనే సంతకం పెట్టింది. శ్రావణమాసంలో పేరంటాళ్ళు వస్తే, ఎలాగూ వాకిట్లోనే ఉంది కాబట్టి తనే పసుపు కుంకుమలిచ్చింది. వాన కురిస్తే సర్టిఫికెట్లు తడుస్తాయని సంచిని గడప లోపల పెట్టింది. ఆ రోజు ‘ఉండాలి’ వర్గం వాళ్ళు ఒకరికొకరు మిఠాయిల బొమ్మలు పంపుకున్నారు. సంచి లోపలికి వెళ్ళడం అంటే సగం మనిషి వెళ్ళినట్టేనా, లేక పూర్తి సంచి మాత్రమే వెళ్ళినట్టా అని అచ్యుత్ విభాగం వారు న్యాయసలహా తీసుకున్నారు.

ఆరేళ్ళలో ఛాయాదేవి రాసినవాటిలో అన్నిటికంటే ఎక్కువమంది చదివినవి ఆ వాకిలి ఎపిసోడ్లే. ఆమెకు అది ఇంకా అవమానంగా ఉండేది.

అయినా ఆమెను నిజంగా కుదిపింది ఓట్లు కావు, పల్లవి. ‘నాలుగో బర్నర్’ ఆడియోలో కళ్యాణి గొంతు పల్లవిదే. ఎపిసోడ్ విడుదలకు ఐదు రోజుల ముందు రాతప్రతి ఆమెకు అందుతుంది. ఇంట్లో గోడ బీరువా తలుపు తీసి, చీరల మధ్య తల దూర్చి, చప్పుడు రాకుండా రికార్డు చేసి పంపేది. గడప దాటిన ఎపిసోడ్ వెనక్కి తీసుకున్నాక, మార్చిన వాక్యాలు మళ్ళీ చదవమని అడగడానికి ఛాయాదేవి ఫోన్ చేసింది. పల్లవి గొంతు ఏదో రగ్గు కింద నుంచి వస్తున్నట్టుగా వచ్చింది. రగ్గు కింద నుంచే వస్తోంది. ఆమె ఊరి చివర చందాపురలో ఒక లేడీస్ పీజీలో ఉంది.

“ఏమైందమ్మా?”

“ఏం లేదక్కా. మంగళవారం మీ ఎపిసోడ్ చదివాను. గురువారం నేనూ వచ్చేశాను.”

ఛాయాదేవి చేతిలోని సవరించిన కాగితాలు బల్ల మీద పెట్టేసింది.

“శనివారం పొద్దున చూస్తే మీరు వెనక్కి తీసుకున్నారు,” అంది పల్లవి. ఆ గొంతులో నిష్ఠూరం లేదు. బస్సు దిగినవాళ్ళు స్టాపు పేరు చదువుకున్నట్టు చెప్పింది. “మీ కళ్యాణి ఆగిపోయింది. నాకు మాత్రం ఎవరూ చెప్పలేదక్కా.”

ఆ తర్వాత ఐదు నెలల పాటు, వాకిట్లో నిలబడ్డ కళ్యాణి మాటలన్నీ పల్లవి ఆ రగ్గు కిందే చదివింది. గదిలో మిగతా ఇద్దరు అమ్మాయిలు ఆ కాసేపు కదలకుండా మంచాల మీద కూర్చునేవాళ్ళు. ఒకమ్మాయి తుమ్ము ఆపుకోలేక ఆరు వందల ముప్పయ్యో ఎపిసోడ్లో తుమ్మింది. కళ్యాణికి వానలో తడిసి జలుబు చేసిందేమోనని మూడు వందల మంది పాఠకులు మందులు సూచించారు. పల్లవి పని దినాలన్నీ రగ్గు కింద, ఆదివారాలన్నీ అద్దె ఇంటి వేటలో గడిచేవి. ఒక గది, వంటిల్లు, తలుపేసుకుంటే చప్పుడు రాని ఒక మూల, అంతే ఆమె అడిగేది. చూసిన ప్రతి ఇంటి గురించీ ఛాయాదేవికి చెప్పేది. చెప్పినవన్నీ ఛాయాదేవి నోట్‌బుక్‌లో ఇంతకుముందే ఉన్నాయి.

ఎందుకంటే కళ్యాణి గడప దాటాక ఏం జరుగుతుందో ఆమె ఆరు నెలల ముందే రాసి పెట్టుకుంది. తొమ్మిది ఇళ్ళు. తన ఏడు అద్దె ఇళ్ళ అనుభవమంతా పిండి రాసిన తొమ్మిది ఇళ్ళు. మొదటి ఓనరు మీవారేరీ అంటాడు. రెండో ఓనరు మీవారి ఫోన్ నంబరు అడుగుతాడు. మూడో ఆవిడ అన్నదమ్ములెవరైనా ఉన్నారా, వాళ్ళైనా వచ్చి మాట్లాడతారా అంటుంది. ఐదో ఇంట్లో అంతా కుదిరి, కళ్యాణి పాల గిన్నె కూడా కొన్నాక, ఓనరు భార్యకు ఆ రాత్రి చెడ్డ కల వస్తుంది. ఛాయాదేవి దృష్టిలో అసలు కథ అక్కడే మొదలవుతుంది. గడప దాటడం మూడు వాక్యాల పని. దానికి నలభై ఎపిసోడ్లు పట్టడం వల్ల ఆ సంగతి అందరూ మరిచిపోయారు.

అక్టోబరు చివర్లో ఆరో అంతస్తు నుంచి నోటీసు వచ్చింది. ఆరు వందల యాభై రెండో ఎపిసోడ్ లోపు అరవై శాతం తేలకపోతే కథను ‘అభీష్ట యంత్రా’నికి బదిలీ చేస్తారు. పాఠకులు కోరినది కోరినట్టు రాసి పెట్టే యంత్రం అది. రచయిత పేరు మాత్రం గౌరవార్థం కొనసాగుతుంది. నమూనాగా యంత్రం రాసిన ఒక ఎపిసోడ్ కూడా జతచేశారు. అందులో కళ్యాణి నవ్వుకుంటూ లోపలికి వెళ్ళి, ఆరేళ్ళుగా వెలగని నాలుగో బర్నర్ వెలిగించి, దాని మీద సుధీర్‌కు పాయసం చేస్తుంది. యంత్రం జీడిపప్పు కూడా వేయించింది.

ఛాయాదేవి ఆ కాగితాన్ని చాలాసేపు చూసింది. అందులో తప్పు పట్టడానికి ఒక్క వాక్యం కూడా దొరకలేదు. అదే ఆమెను భయపెట్టింది.

“ఒక్క దారి ఉంది మేడమ్,” అన్నాడు అచ్యుత్ ఫోన్‌లో, గొంతు తగ్గించి. “నలభై ఏడు పర్సెంట్‌లో ముప్పై ఎనిమిది ఒకే సంఘం దగ్గర ఉన్నాయి. వాళ్ళ ప్రెసిడెంట్ కన్విన్స్ అయితే అయిపోయినట్టే. మీ ఏరియాలోనే ఉంటారు.”

ఆ సంఘం పేరు కళ్యాణి క్షేమాభివృద్ధి సంఘం, కాడుగోడి. అధ్యక్షుడు మునినారాయణప్ప. ఆయన తాతల కాలం నుంచీ బెంగళూరు తెలుగువాళ్ళు. రైల్వేలో ముప్పై ఒక్క ఏళ్ళు బుకింగ్ క్లర్కుగా చేసి రిటైరై, మూడంతస్తుల ఇల్లు కట్టుకుని, పై రెండంతస్తులూ అద్దెకిచ్చుకుంటూ, మిగిలిన జీవితాన్ని కళ్యాణి క్షేమానికి అంకితం చేశాడు. ఫోన్లలో ఓటు వెయ్యడం చేతగాని చుట్టుపక్కల పెద్దవాళ్ళందరికీ తనే ఓటు వేసి పెడతాడు. ఆదివారం పదకొండు గంటలకు మేడ మీద రేకుల షెడ్డులో సంఘం వారు ఛాయాదేవిని విచారణకు పిలిచారు. ఆమె వెళ్ళేసరికి గేటుకు ‘టు-లెట్’ బోర్డు వేలాడుతోంది. రెండో అంతస్తు ఖాళీ. పైన అరవై ప్లాస్టిక్ కుర్చీలు, ఉప్మా కేసరిబాత్, మినిట్స్ రాయడానికి కార్బన్ కాగితాలు పెట్టిన పుస్తకం ఉన్నాయి.

శత్రువుల మధ్యకు వెళ్తున్నానని అనుకుంది ఛాయాదేవి. కానీ అక్కడ అందరూ కళ్యాణిని కన్నకూతురిలా చూసుకుంటున్నారు. ఒకామె వానాకాలం కళ్యాణి చెప్పులు ఎందుకు వేసుకోలేదని అడిగింది. ఇంకొకాయన అన్ని వారాలు నిలబడితే కాళ్ళు లాగవా, స్టూలైనా వేయించవచ్చు కదా అన్నాడు. వీళ్ళ ప్రేమ ముందు తనే కొంచెం రాతిమనిషినేమో అన్న అనుమానం ఆమెకు వచ్చింది.

చివరికి మునినారాయణప్ప లేచి, భుజం మీది టవలు సరిచేసుకున్నాడు.

“చూడు తల్లీ. ఆ బిడ్డ పోకూడదని మాకేమీ పంతం లేదు. ముప్పై ఒక్క ఏండ్లు కౌంటర్లో కూసున్నాను. ఏ ఊరికని చెప్పకుండా ఒక్కరికీ టికెట్ ఇయ్యలే. ఏడ్చుకుంటా వచ్చినోళ్ళకు కూడా ఇయ్యలే. ఈ బిడ్డ గడప దాటి ఏడికి పోతాది? అది చెప్పు, నేనే సంతకం పెడతాను.”

ఛాయాదేవికి ఆయన మీద హఠాత్తుగా గౌరవం కలిగింది. ఐదు నెలల్లో కథ గురించి ఎవరైనా అడిగిన మొదటి సరైన ప్రశ్న అది. ఆమె సంచిలోంచి నోట్‌బుక్ తీసి, తొమ్మిది ఇళ్ళ కథ చదవడం మొదలుపెట్టింది.

రెండో ఇంటి దాకా నిశ్శబ్దంగా విన్నారు. మూడో ఇంటి దగ్గర కుర్చీలు కదిలాయి. ఐదో ఇంటి ఓనరమ్మకు చెడ్డ కల వచ్చేసరికి వెనక వరసలో ఒకామె, ఈ కాలంలో ఇట్లాంటివాళ్ళు ఎక్కడున్నారమ్మా అంది. మన తెలుగువాళ్ళు ఇట్లా చెయ్యరని ఇంకొకాయన. అక్కడున్న అరవై మందిలో ముప్పై మందికి పైగా ఇళ్ళు అద్దెకిచ్చేవాళ్ళేనని, వాళ్ళెవరూ అట్లాంటివాళ్ళు కారని మినిట్స్‌లో రాయించారు.

“తొమ్మిది ఇండ్లల్ల ఒక్క మంచోడు లేడా?” అన్నాడు మునినారాయణప్ప నొచ్చుకుని. “ఊరికే చెడ్డపేరు కదా తల్లీ. తీసెయ్ ఆ తొమ్మిదీ. ఒకే ఇల్లు పెట్టు, బాగుండే ఇల్లు పెట్టు.”

అక్కడి నుంచి సభ ఉత్సాహంగా సాగింది. కళ్యాణికి ఇవ్వబోయే ఇంటికి కావేరి కుళాయి నీళ్ళు ఉండాలా, బోరు నీళ్ళు చాలా అన్న దాని మీద నలభై నిమిషాల చర్చ జరిగి, రెండూ ఉండాలని తేలింది. తూర్పు వాకిలి ఏకగ్రీవం. లిఫ్టు అవసరం లేదు, ఆ బిడ్డ చిన్నదే. ఓనరు మాత్రం వయసైన పెద్దమనిషి అయి ఉండాలి. ఏ డిపార్ట్‌మెంట్ అని ఎవరో అడిగితే మునినారాయణప్ప వినయంగా తల వంచుకుని, రైల్వే అయితే నమ్మకంగా ఉంటాదన్నాడు. కళ్యాణి తాళంచెవి అడగ్గానే ఆ ఓనరు, మొగుడెవరు, ఎందుకొచ్చినావు అని ఒక్క ప్రశ్న కూడా వెయ్యకుండా చేతిలో పెట్టాలి. ఈ షరతును ఆయన రెండుసార్లు చదివాడు. వెనక వరసలో ముక్కులు చీదారు.

ఛాయాదేవి చేతిలో పెన్ను ఉంది. ఇలాంటి ఓనరు బెంగళూరులో తనకు ఇరవై రెండేళ్ళలో ఎదురు కాలేదు. చూడనిది రాయకూడదన్నది ఆమె పెట్టుకున్న ఒకే ఒక నియమం (దానికి ఏ ఫారమూ లేదు). ఇది ఒప్పుకోకపోతే బుధవారం యంత్రం పాయసం వండుతుంది. పల్లవి రగ్గు కింద కూర్చుని, ఆ పాయసం రుచి ఎంత బాగుందో కళ్యాణి గొంతుతో చదవాల్సి వస్తుంది. తన రాత చదివి ఇల్లు వదిలి వచ్చిన మనిషి చేత ఆ పని చేయించడం కంటే, అబద్ధమైనా సరే, గడప దాటించడమే నయమనుకుంది.

తొమ్మిది ఇళ్ళ మీదా అడ్డంగా గీత గీసింది. కాఫీ వర్గం వాళ్ళూ కలిసొచ్చి ఎనభై ఏడు శాతంతో అనుమతి వచ్చింది. అంత శాతం ఉంటే అత్తగారి పత్రం అక్కర్లేదన్నాడు అచ్యుత్.

ఆరు వందల యాభై మూడో ఎపిసోడ్లో కళ్యాణి మూడు వాక్యాల్లో గడప దాటింది. నాలుగో వాక్యంలో మూడంతస్తుల ఇంటి ముందు నిలబడింది. “తాళంచెవి ఇస్తారా పెద్దాయనా?” అని అడిగింది. ఆ పెద్దాయన చేతిలో పెట్టాడు. “పట్టుకో తల్లీ. నేనేమీ అడగను,” అన్నాడు. ‘తరువాయి’ చరిత్రలో ఏ ఎపిసోడ్‌కూ అన్ని మెచ్చుకోళ్ళు రాలేదు. ఫిర్యాదులు కూడా కొద్దిగానే వచ్చాయి, అవీ కళ్యాణి ఏ కాలు ముందు పెట్టిందో రాయలేదనే. మా ఇంటికి రా కళ్యాణీ, మా పైపోర్షన్ ఖాళీగా ఉంది అని ఆరు వేల మంది రాశారు. ఛాయాదేవి అవన్నీ కూర్చుని చదివింది. ఒక్కొక్కటే చదువుతుంటే ఆమెలో ఏదో మెత్తబడింది. ఇన్నాళ్ళూ తను చూడనంత మాత్రాన లేరనుకోవడం తన అహంకారమేమో. పాఠకులు కోరినట్టు రాయడంలో తప్పేముంది, వాళ్ళు మంచినే కోరినప్పుడు?

ఆ సాయంత్రమే పల్లవి ఫోన్ చేసింది.

“ఎపిసోడ్ మధ్యలో ఆగకుండా చదవలేకపోయాను. మూడుసార్లు రికార్డు చేశాను. ఒక్క మాట అడుగుతాను చెప్పండక్కా. ఇట్లాంటి ఓనరు నిజంగా ఉన్నాడా, మీరు కల్పించారా?”

ముప్పై ఏళ్ళుగా రాస్తున్న మనిషి ఎన్నడూ చెయ్యని పొరపాటు అప్పుడు చేసింది ఛాయాదేవి. తను రాసినదాన్ని తనే నమ్మింది.

“ఉన్నారమ్మా,” అంది. “రెండో అంతస్తు ఖాళీగా కూడా ఉంది.”

ఆదివారం ఇద్దరూ వెళ్ళారు. మునినారాయణప్ప గేటు దాకా ఎదురొచ్చాడు. హాల్లో ఆరు వందల యాభై మూడో ఎపిసోడ్‌ను పెద్ద అక్షరాల్లో అచ్చు వేయించి, ఫ్రేము కట్టించి, రైల్వే వారి వీడ్కోలు ఫోటో పక్కన తగిలించి ఉంది. కాఫీలు వచ్చాయి. ఈ అమ్మాయికి ఇల్లు కావాలని ఛాయాదేవి చెప్పగానే, అంతకంటే సంతోషం ఏముందని తాళంచెవుల గుత్తి తెప్పించాడు. పైకి తీసుకెళ్ళి చూపించాడు. తూర్పు వాకిలి. కావేరి నీళ్ళూ ఉన్నాయి, బోరు నీళ్ళూ ఉన్నాయి. వంటిల్లు పక్కన కిటికీ లేని చిన్న స్టోర్‌రూమ్ ఉంది. పల్లవి అందులోకి వెళ్ళి తలుపు వేసుకుని, లోపల ఏదో రెండు మాటలు అనుకుని, బయటికి వచ్చింది. మొహం వెలిగిపోతోంది.

మళ్ళీ కిందకు దిగి కూర్చున్నాక మునినారాయణప్ప, సార్ ఎప్పుడొస్తారమ్మా అని అడిగాడు.

“ఎవరండీ?”

“మీ ఇంటాయన.”

“ఎవరూ రారండీ. నేనొక్కదాన్నే.”

ఆయన తాళంచెవుల గుత్తిని బల్ల మీద నుంచి తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు. అన్నదమ్ములు ఉన్నారా అన్నాడు. లేరంది పల్లవి. పోనీ నాయన ఫోన్ నంబరు ఇస్తే ఒక మాట మాట్లాడతానన్నాడు. నాయన పోయి నాలుగేళ్ళయిందంది పల్లవి.

ఛాయాదేవికి తన నోట్‌బుక్‌లో కొట్టేసిన పేజీలు కళ్ళముందు వరసగా తిరిగాయి. ఇది రెండో ఇల్లు, ఇది మూడో ఇల్లు.

“బేజారు చేసుకోవద్దు తల్లీ,” అన్నాడాయన, నిజంగా బాధపడుతూ. “నువ్వు మంచిదానివే, చూస్తానే తెలస్తా ఉండాది. మేము ఫ్యామిలీలకే ఇచ్చేది. చుట్టుపక్కల నలుగురూ ఉండారు కదా... ఆగాగు, నీ గొంతు ఎక్కడో విన్నట్టుండాదే?”

ఛాయాదేవి గబగబా చెప్పింది. కళ్యాణి గొంతు ఈ అమ్మాయిదే. నలభై ఒక్క ఎపిసోడ్లు మీరు విన్నది, కళ్ళనీళ్ళు పెట్టుకున్నది ఈ అమ్మాయి గొంతుకే. ఇల్లు వదిలి వచ్చిందీ ఈమే.

మునినారాయణప్ప లేచి నిలబడ్డాడు. రెండు చేతులూ జోడించాడు. లోపలి నుంచి భార్యను పిలిచాడు, పక్కింటివాళ్ళను పిలిపించాడు. పది నిమిషాల్లో హాలు నిండిపోయింది. అందరూ పల్లవితో ఫోటోలు దిగారు. ఆమె చేతిలో పండ్లు, రవికె గుడ్డ పెట్టారు. ఆ ఒక్క మాట చెప్పు తల్లీ, నీ నోటితో ఒక్కసారి వింటాము అని పెద్దాయన బతిమాలాడు.

పల్లవి ఛాయాదేవి వైపు చూసింది. తర్వాత ఆయన ఒళ్ళోంచి చేతిలోకి వచ్చిన తాళంచెవుల గుత్తి వైపు చూసింది.

“తాళంచెవి ఇస్తారా పెద్దాయనా?” అంది.

మునినారాయణప్ప టవలుతో కళ్ళు ఒత్తుకున్నాడు. చాలాసేపు ఒత్తుకున్నాడు. ఆ తర్వాత గుత్తిని భార్య చేతికిచ్చి లోపల పెట్టమన్నాడు.

“ఆ కళ్యాణమ్మే వచ్చింటే మాట వేరే తల్లీ,” అన్నాడు.

గేటు దాకా వచ్చి సాగనంపాడు. ఆటో దొరికేదాకా ఇద్దరూ ఆ గేటు దగ్గరే నిలబడ్డారు. పల్లవి పండ్ల సంచిని కుడిచేతిలోంచి ఎడమచేతికి మార్చుకుంది. ఛాయాదేవి నోట్‌బుక్‌లో ఉన్నవి తొమ్మిది ఇళ్ళే. పల్లవికి ఇది పదకొండోది.

మరుసటి వారం ‘తరువాయి’ వారు ఏడాది పురస్కారాలు ప్రకటించారు. పాఠకుల ఓట్లలో తొంభై రెండు శాతం సాధించి, ‘అత్యంత సహజమైన పాత్ర’గా కళ్యాణి ఇంటి ఓనరు ఎన్నికయ్యాడు. ఆ ప్రకటనను ఆడియోలో చదివింది పల్లవే, చందాపురలో, రగ్గు కింద కూర్చుని.